తలలో ఉన్న బీరువా

2024 మార్చి నెలాఖరుకి 78,213 కోట్ల రూపాయలు అడిగే నాథుడు లేక రిజర్వు బ్యాంకు దగ్గర పడి ఉన్నాయి. పదేళ్లపాటు ఎవరూ కదపని సేవింగ్స్ ఖాతాల్లోని డబ్బునూ, గడువు తీరి పదేళ్లయినా ఎవరూ వచ్చి తీసుకోని డిపాజిట్లనూ బ్యాంకులు ఒక ప్రత్యేక నిధికి జమ చేయాలని 2014లో ఏర్పాటు చేశారు. అలా చేరిన మొత్తమే ఇది. ఏడేళ్లు ఎవరూ తీసుకోని డివిడెండ్లూ, వాటి తాలూకు షేర్లూ వెళ్లి చేరే నిధి వేరే ఉంది. బీమా కంపెనీల దగ్గర మిగిలిపోయినవీ, పీఎఫ్ ఖాతాల్లో నిద్రపోతున్నవీ ఈ లెక్కలోకి రానే రావు. డబ్బు దగ్గర మనం అంత ఉదారులమేమీ కాదు. కొత్తిమీర కట్ట దగ్గర రెండు రూపాయలకి బేరమాడే జనం లక్షల డిపాజిట్లను ఊరికే వదిలేస్తారా? వాటిలో చాలావాటి రసీదులు ఏదో ఒక ఇంట్లో, బీరువా పై అరలో, బట్టల షాపు వాళ్లిచ్చిన సంచిలో ఇప్పటికీ ఉండే ఉంటాయి. కాగితం పోలేదు. ఆ కాగితం ఉందని తెలిసిన మనిషి పోయాడు.

ఇంటి కాగితాలు సర్దుకోవడం అనగానే మనకు స్టేషనరీ షాపు గుర్తొస్తుంది. రంగురంగుల ఫైళ్లు, ప్లాస్టిక్ కవర్లు, మీద అంటించే చీటీలు. ఆదివారం మధ్యాహ్నం అన్నీ నేల మీద పరిచి, సాయంత్రానికి ఫైళ్లలోకి ఎక్కించి, బీరువాలో పెట్టి తాళం వేస్తే ఓ పని అయిపోయిందనిపిస్తుంది. శుభ్రత మంచిదే. కానీ సర్దిన మనిషికి ఆ ఫైళ్ల అవసరం నిజానికి అంతగా లేదు. ఏది ఎక్కడుందో అతనికి ముందే తెలుసు. అన్నీ కలగాపులగంగా పడున్నా చీకట్లో చెయ్యి పెట్టి తీయగలడు. అసలు బీరువా అతని తలలో ఉంది. ఇబ్బందంతా మరొకరిది: ఆస్పత్రి కౌంటరు ముందు నిలబడిన భార్యది, పరాయి దేశం నుంచి పది రోజుల సెలవు మీద దిగిన కొడుకుది, పెళ్లయి వేరే జిల్లాలో ఉన్న కూతురిది. కాబట్టి ఇంటి కాగితాలను రేపు వెతకాల్సి వచ్చే మనిషిని కళ్ల ముందు పెట్టుకుని సర్దాలన్నది నా వాదన. ఏ ఫైలు కొనాలి, ఏది దాచాలి, ఏది పారేయాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది.

దీనికి వెంటనే వచ్చే మాట, ఇప్పుడు అన్నీ కంప్యూటర్లలోనే ఉన్నాయి కదా అని. నిజమే, రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే పోర్టల్ తెరిచింది. ఖాతాదారు పేరుతో పాటు పాన్, ఓటరు కార్డు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు నంబర్లలో ఒకటో, పుట్టిన తేదీయో ఇస్తే ఏ బ్యాంకులో క్లెయిమ్ చేయని డిపాజిట్ ఉందో చూపిస్తుంది. మంచి సదుపాయమే. కానీ అది చూపించేది ఆ నిధికి చేరిన డబ్బును మాత్రమే, అంటే పదేళ్లు ఎవరూ ముట్టనిదాన్ని. నిన్నగాక మొన్న భర్తను పోగొట్టుకుని, వచ్చే నెల పిల్లవాడి ఫీజు కట్టాల్సిన ఇల్లాలికి ఆ పోర్టల్ చెప్పగలిగింది ఏమీ లేదు. అతనికి ఎన్ని బ్యాంకుల్లో ఖాతాలున్నాయో తెలుసుకోవడానికి ఆమెకు ఈ దేశంలో ఒకే కిటికీ అంటూ ఏదీ లేదు. ఆమె అడగగలిగింది ఆ ఒక్క మనిషినే, అతను లేడు.

పైగా, కుటుంబానికి రావాల్సిన డబ్బులో కొంతభాగానికి ఇంట్లో అసలు కాగితమే ఉండదు. ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా 2015లో మొదలైంది. ఏటా 436 రూపాయలు బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే కోత పడుతుంది. మనిషి ఏ కారణంతో పోయినా కుటుంబానికి 2 లక్షలు. దాని జతగా సురక్షా బీమా ఏటా 20 రూపాయలకే ప్రమాద మరణానికి మరో 2 లక్షలు ఇస్తుంది. ఖాతా తెరిచే రోజున ఏదో ఫారం మీద పెట్టిన సంతకంతో ఇవి మొదలై ఉంటాయి. బాండు కాగితం ఏదీ బీరువాలో కనబడదు. పాస్‌బుక్కులో మే నెలాఖరు దగ్గర 436 అని పడిన ఒక్క వరుసే దానికి ఆనవాలు. ఉద్యోగుల భవిష్యనిధితో కలిసి వచ్చే ఈడీఎల్ఐ బీమా ఇంకా కనపడదు. దాని ప్రీమియం యజమానే కడతాడు కాబట్టి జీతం స్లిప్పులో కోతగా కూడా కనిపించదు. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే 7 లక్షల దాకా రావచ్చు. పైగా భార్యకూ పిల్లలకూ పింఛను. ప్రైవేటు కంపెనీలో పనిచేసే వారి ఇళ్లలో ఎంతమందికి వీటి సంగతి తెలుసు? ఇక నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్ల నుంచి గల్ఫ్‌కు కూలిపనికి వెళ్లే వాళ్లలో ఇమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకోవాల్సిన వారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి, ప్రమాదంలో పోతే 10 లక్షలు. ఆ పాలసీ కాగితం వాళ్లతో పాటే విమానం ఎక్కి దుబాయిలో క్యాంపు గదిలో పెట్టె అడుగున ఉంటుంది. ఎవరికి పనికొస్తుందో వాళ్ల దగ్గర నకలు కూడా ఉండదు. ఇలాంటి చోట ఎంత చక్కటి ఫైలింగు ఉన్నా ఏం లాభం, ఫైలులో పెట్టడానికే ఏమీ లేనప్పుడు?

తెలంగాణ రైతుబీమా కథ ఇంకో మలుపు చూపిస్తుంది. 2018 ఆగస్టులో మొదలైన ఆ పథకం కింద 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో పోయినా నామినీకి 5 లక్షలు అందేలా ఎల్ఐసీతో ఏర్పాటు చేశారు. అయితే పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేర ఉందో వారికే బీమా. తండ్రి పేర ఉన్న భూమిని ఇరవయ్యేళ్లుగా దున్నుతున్న కొడుకు ఆ జాబితాలో లేడు. తండ్రికి అరవై దాటితే ఇద్దరూ లేరు. అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకుని, కాగితం మీద మార్చుకోవడం తర్వాత చూద్దాంలే అనుకున్న ఇళ్లలో ఆ 'తర్వాత' ఖరీదు 5 లక్షలు. కాగితం సర్దడమంటే ఉన్నదాన్ని దాచడమే కాదని, లేనిదేమిటో కనిపెట్టడం కూడా అని దీన్నిబట్టి తెలుస్తుంది. లేనిది కనబడాలంటే ఉన్నదంతా ఒకచోట రాసి చూసుకోవాలి.

ఇక్కడే ఇంటి చిట్టా ఒకటి కావాలంటాను. మామూలు తెల్ల కాగితం, మహా అయితే రెండు. అందులో ఉండాల్సింది నంబర్ల పురాణం కాదు. ఏయే బ్యాంకు, ఏ శాఖ, ఖాతా ఎలాంటిది, ఎవరెవరి పేర్ల మీద ఉంది, నామినీ ఎవరు. ఎల్ఐసీ పాలసీలు ఎన్ని, చూసే ఏజెంటు ఎవరు. పోస్టాఫీసులో ఏముంది. పీఎఫ్ యూఏఎన్ నంబరు. ఇల్లు, పొలం, స్థలం కాగితాలు ఏ అరలో ఉన్నాయి, లేక ఏ బ్యాంకులో తాకట్టులో ఉన్నాయి. ఇవన్నీ చాలామంది రాస్తారు. రాయడానికి మొహమాటపడేవి అప్పులు. మనం ఎవరికి ఎంత ఇవ్వాలి, మనకు ఎవరు ఎంత ఇవ్వాలి అన్నది లేని చిట్టా సగం చిట్టాయే. ఎందుకంటే పోయిన మనిషికి అప్పు ఇచ్చానంటూ వచ్చేవాళ్లు ఉంటారు. తీసుకున్నానని తనంతట తాను వచ్చి చెప్పేవాళ్లు అరుదు. ప్రోనోటుకి కాలదోషం మూడేళ్లు. ఆ లోపల కొంత సొమ్ము చెల్లు వేయించి సంతకం తీసుకుంటే గడువు మళ్లీ అక్కడి నుంచి మొదలవుతుంది. నోటు బీరువాలో భద్రంగా ఉండి, మూడో ఏడు ఎప్పుడు నిండుతుందో ఇంట్లో ఎవరికీ తెలియకపోతే, ఆ నోటు చిత్తుకాగితంతో సమానం. అందుకే చిట్టాలో నోటు పక్కన తేదీ రాయాలి.

ఈ చిట్టా ఎవరు రాయాలన్న దగ్గర మన ఇళ్ల తంతు ఒకటి చెప్పుకోవాలి. డ్వాక్రా సంఘాల్లో మన ఆడవాళ్లు మూడు దశాబ్దాలుగా పొదుపు పుస్తకాలు రాస్తున్నారు, మినిట్స్ రాస్తున్నారు, బ్యాంకుకు వెళ్లి లింకేజీ రుణాలు తెస్తున్నారు, ఎవరి కంతు ఎంత మిగిలిందో నోటి మీద చెబుతారు. అదే మనిషికి సొంత ఇంటి మీద తనఖా ఎంతుందో తెలియని ఇళ్లు కొల్లలు. చేతకాక అనలేం, చెప్పేవాడు లేక. 'నీకెందుకు ఇవన్నీ, నేనున్నాగా' అన్న మాటలో ప్రేమ ఉండొచ్చు. ఆ మాట మీదే మొత్తం వ్యవస్థ నిలబడి ఉంటుంది, చివరి పదం మీద మరీనూ. అందుకని చిట్టాని భర్త చెబుతుంటే భార్య రాయడం, లేదా తల్లిదండ్రులు చెబుతుంటే పిల్లలు రాయడం మేలు. రాసేటప్పుడు అడిగే ప్రశ్నలే రేపు తలెత్తబోయే ప్రశ్నలు.

చిట్టా అయ్యాక కాగితాల మాట. అన్ని కాగితాలకూ ఒకే కాపలా అక్కర్లేదు. నా దృష్టిలో వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇది పోతే మళ్లీ ఎక్కడైనా దొరుకుతుందా? రిజిస్టరయిన దస్తావేజుకి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు ఉంటుంది, సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవచ్చు. పదో తరగతి మెమో, పాస్‌పోర్టు, పాన్, ఓటరు కార్డు, ఎల్ఐసీ బాండు – తిరగాలి, ఫీజు కట్టాలి, కొన్నిటికి పోలీసు ఫిర్యాదో అఫిడవిట్టో ఇవ్వాలి, కానీ దొరుకుతాయి. ప్రపంచంలో మరో ప్రతి లేనివి వేరే ఉన్నాయి. తెలంగాణలో సాదాబైనామా అంటే తెలియని పల్లె లేదు: తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం. 2014 జూన్ 2కు ముందు అలా కొన్నవాటిని క్రమబద్ధం చేస్తామని ప్రభుత్వం దరఖాస్తులు పిలిస్తే లక్షల్లో వచ్చాయి. ఆ లక్షల కుటుంబాలకు పొలం మీద హక్కుకి ఆధారం చెదలు ఒక్క రాత్రిలో తినేయగల ఆ ఒక్క కాగితమే. పారీఖత్తులు, పెద్దమనుషుల మధ్య రాసుకున్న ఒప్పందాలు, ప్రోనోట్లు, రిజిస్టరు చేయని వీలునామాలు కూడా ఈ కోవలోవే. మన ఇళ్లలో జరిగేది మాత్రం తలకిందులు. మళ్లీ తెచ్చుకోగల రిజిస్ట్రీ కాగితాన్ని లాకర్లో పెడతాం. మళ్లీ పుట్టని తెల్లకాగితాన్ని పాత డైరీలో మడిచి పెడతాం.

రిజిస్టరయినవాటిలోనూ ఒక తేడా ఉంది. ఇల్లు కొన్నప్పుడు అమ్మినవాడు తన దస్తావేజుతో పాటు దాని వెనక ఉన్న లింకు డాక్యుమెంట్లన్నీ ఇస్తాడు. మన పేరు లేని పాత కాగితాలు కదా అని వాటిని చిన్నచూపు చూడటం పొరపాటు. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆ ఆస్తి మీది లావాదేవీల ధ్రువపత్రం, తీస్తే 1983 నుంచే లావాదేవీలు కనిపిస్తాయి. అంతకు ముందువి ఆఫీసులో పాత పుస్తకాలు తిరగేస్తే తప్ప తేలవు. డాక్యుమెంటు నంబరు, సంవత్సరం తెలియకుండా వెతకడం గడ్డివాములో సూది వ్యవహారమే. లింకు డాక్యుమెంటు చేతిలో ఉంటే ఆ నంబరు అందులోనే ఉంటుంది. గృహరుణం తీసుకుని ఒరిజినల్స్ బ్యాంకుకు ఇచ్చినవాళ్లు మరో కాగితాన్ని కంటికి రెప్పలా చూసుకోవాలి – ఏమేం ఇచ్చారో బ్యాంకు ముద్ర వేసి ఇచ్చిన జాబితా. అప్పు పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగివ్వాలని, తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. ఆ డిసెంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. అయితే ఏం రావాలో తెలిసినవాడికే కదా ఏం రాలేదో తెలిసేది.

తడీ చెదలూ మన వాతావరణానికి కొత్త కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, మంచాలూ ఫ్రిజ్‌లూ పోవడం అందరూ చూశారు. బీరువా కింది అరల్లోని కాగితాల సంగతి నీళ్లు తీశాకే బయటపడింది. పేరుకి ఇనుప బీరువాయే గాని, నీళ్లను ఆపే శక్తి దానికి లేదు. కాగితాలు ఎత్తులో ఉండాలి, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో ఉండాలి, ఎత్తుకుని పరిగెత్తగలిగే ఒకే సంచిలో ఉండాలి. తడిసినవాటిని ఒకదాని నుంచి ఒకటి లాగకుండా, ఎండలో పెట్టకుండా ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. కలరా ఉండలు వేస్తే పురుగు రాదు, కాగితానికి తగలకుండా గుడ్డలో కట్టి వేయడం మంచిది. లామినేషన్ మోజు మాత్రం వదులుకోవాలి. వేడితో అంటిన ఆ ప్లాస్టిక్కును కాగితం చిరక్కుండా మళ్లీ తీయలేం. విదేశాలకు వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ వెనక ముద్ర వేసి అటెస్టేషన్ చేయాల్సి వస్తే, ప్లాస్టిక్ మీద ముద్ర నిలవదు. ఏటీఎం చీటీలు, షాపు బిల్లుల్లాంటి నున్నటి కాగితం మీద అక్షరాలు వేడికి వచ్చినవి, వాటంతటవే వెలిసిపోతాయి. వారంటీ ఉన్న వస్తువు బిల్లును కొన్నరోజే జిరాక్స్ తీయించాలి. పారేయాల్సినవి చాలానే ఉన్నాయి, కరెంటు బిల్లుల కట్టలు మొదలుకొని. ఒక్క హెచ్చరిక: ఇంటికి గది వేసిన, అంతస్తు లేపిన ఖర్చుల బిల్లులు ఇల్లు అమ్మేదాకా ఉంచాలి. 2024 జులై 23కు ముందు కొన్న ఇంటిని అమ్మేటప్పుడు ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం పన్ను లెక్క ఎంచుకునే వీలుంది, ఆ లెక్కలో ఆ బిల్లులకి విలువ ఉంది.

ఇప్పుడు తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉన్న తలనొప్పి: పేరు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ సాధారణంగా పొడి అక్షరంగా. స్కూల్లో కె. వెంకట సుబ్బారావు, పాన్‌లో కోట వెంకట సుబ్బా రావు, ఆధార్‌లో వెంకటసుబ్బారావు కోట, రేషన్ కార్డులో సుబ్బయ్య. పిలిచినప్పుడు నలుగురూ ఒక్కరే, కంప్యూటరు ముందు నలుగురు. ఇంగ్లిషు అక్షరాల్లో లక్ష్మిని కృష్ణకు ఇవతల ఒకలా, అవతల ఒకలా రాస్తారు. పెళ్లయ్యాక కొన్నిట్లో ఇంటిపేరు మారి కొన్నిట్లో మారని ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే గడిలో నింపిన పిల్లలకి అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, 'మొదటి పేరు తెలియదు' అని దాని అర్థం. పుట్టిన తేదీ ఇంకో గొడవ. బడిలో వేసిన తేదీ ఒకటి, అమ్మ చెప్పేది ఒకటి. ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో వయసుకి ఆధార్ కంటే బడి సర్టిఫికెట్‌నే ప్రమాణంగా తీసుకుంది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకైతే బడిలో చేర్చడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం మార్చారు. కాబట్టి ఇంట్లో ఒక్కొక్కరి కాగితాలు పక్కపక్కన పరిచి, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చి చూడటం కాగితాలు సర్దడంలో అతి ముఖ్యమైన పని. బతికున్న మనిషి వెళ్లి పేరు సరిచేయించుకోవడం ఒక పూట పనో, ఒక వారం పనో. మరణ ధ్రువపత్రంలో ఒక పేరు, పాస్‌బుక్కులో మరో పేరు ఉంటే, ఇద్దరూ ఒకరేనని నిరూపించాల్సిన భారం ఏడుస్తున్న వాళ్ల మీద పడుతుంది. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి; ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆ నమోదు ఫారంలో ఏ పేరు రాయించాలో కర్మకాండల హడావిడిలో ఎవరూ ఆలోచించరు. చిట్టాలో 'బ్యాంకు కాగితాల్లో ఉన్న పేరు ఇది' అని ఒక్క వరుస ఉంటే ఎంత నయం!

ఇక అభ్యంతరాలు. డిజిలాకర్ ఉండగా ఈ తిప్పలెందుకని కుర్రకారు అడుగుతారు. నిజమే, జారీ చేసిన శాఖ నుంచి నేరుగా డిజిలాకర్‌లోకి వచ్చిన పత్రానికి ఒరిజినల్‌తో సమాన విలువ ఉంది. మనం ఫోన్‌తో ఫొటో తీసి ఎక్కించినదానికి ఆ విలువ లేదు. అది జ్ఞాపకం కోసమే. అదీగాక ఆ తాళం ఓటీపీ, ఓటీపీ వచ్చేది పోయిన మనిషి సిమ్ముకి. మూడు నెలలు వాడకపోతే, కనీస బ్యాలెన్సు కూడా లేకపోతే ఆ నంబరు రద్దయి మరొకరి చేతికి పోవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి డీమ్యాట్, మ్యూచువల్ ఫండ్ల వివరాలు డిజిలాకర్‌లో చూసుకునేలా, ఆ సమాచారానికి ఒక నామినీని పెట్టుకునేలా సెబీ ఏర్పాటు చేసింది. స్వాగతించాల్సిందే. కానీ ఆ నామినీని మనమే పెట్టాలి, పెట్టామని ఆ మనిషికి మనమే చెప్పాలి. బీరువా కంప్యూటరుగా మారింది గాని, సమస్య తల దగ్గరే ఆగింది.

నామినీ రాశాం కదా, ఇంకేం అనేది రెండో మాట. నామినీ అంటే వారసుడని మన జనంలో గట్టి నమ్మకం. సుప్రీంకోర్టు 1983లోనే సర్బతీ దేవి కేసులో, నామినీ సొమ్ము అందుకునే మనిషే తప్ప సొంతదారు కాదంది. 2023 డిసెంబరులో షేర్ల విషయంలోనూ అదే తేల్చింది. జీవితబీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే సొమ్ము వాళ్లదే. పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరినప్పుడు అమ్మ పేరో అన్న పేరో నామినీగా రాసి ఆ తర్వాత మార్చని వాళ్లు ఈ తేడా ఒకసారి ఆలోచించాలి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను పెట్టి, ఎవరికి ఎంత శాతమో కూడా రాయొచ్చు. ఎవరి ఆస్తి ఎవరికి చెందాలన్నది మాత్రం వీలునామాలోనే తేలుతుంది. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చెల్లుతుంది. దాన్ని తీసుకెళ్లి ఒక్కరి పేరే ఉన్న లాకర్లో పెట్టేవాళ్లున్నారు. లాకరు తెరిచే హక్కు ఎవరికో చెప్పే కాగితం లాకరు లోపలే ఉంటుంది!

అన్నీ ఒకచోట రాసిపెడితే దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు కాదా? ఓటీపీ మోసాల రోజుల్లో ఈ భయం న్యాయమైనదే, అందుకే చిట్టాలో పిన్, పాస్‌వర్డు, కార్డు నంబరు రాయకూడదు. ఫలానా బ్యాంకు ఫలానా శాఖలో ఖాతా ఉందన్న సంగతి తెలిసినంత మాత్రాన ఎవరూ డబ్బు తీయలేరు. వారసుడు మాత్రం ఆ సంగతి తెలిస్తేనే అడుగు వేయగలడు. పోయిన మనిషి ఏటీఎం కార్డుతో గుట్టుగా డబ్బు తీసుకుంటే సరిపోతుందనుకునే ఇళ్లూ ఉన్నాయి. బ్యాంకుకు చెప్పకుండా అలా తీయడం చట్టం ముందు నిలవదు, తోబుట్టువుల మధ్య మాట పోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. పిల్లలకు ఆస్తి లెక్క తెలిస్తే ఇప్పుడే పంచమంటారన్న జంకు మరికొందరిది. అలాంటప్పుడు విలువలు రాయొద్దు. ఎక్కడ ఉందో రాయండి, ఎంత ఉందో వద్దు. కవరు అంటించి, అది ఉందని మాత్రం ఇద్దరికి చెప్పండి. ఇద్దరికి ఎందుకంటే, భార్యాభర్తలు ఒకే కారులో ప్రయాణం చేస్తారు కాబట్టి.

పోయినట్టు మాట్లాడుకోవడం అశుభమన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. నోటి వెంట చెడుమాట రాకూడదన్నది మన ఇళ్లలో బలమైన సంస్కారం. దానికి విరుగుడు, చావు ఊసెత్తకుండానే ఆ పని చేయడం. కాగితాలను రకాన్ని బట్టి కాక సందర్భాన్ని బట్టి కట్టలు కడితే సరిపోతుంది. అర్ధరాత్రి ఆస్పత్రికి పరిగెత్తాల్సి వస్తే తీసుకెళ్లే కవరు: ఆరోగ్యబీమా కార్డు, ఆధార్ నకళ్లు, పాత డిశ్చార్జి సమ్మరీలు, వాడుతున్న మందుల జాబితా, బ్లడ్ గ్రూపు. పిల్లల చదువులూ వీసాల కవరు. ఇల్లు, పొలం కవరు. బండి కవరు, అందులో అప్పు తీరాక ఆర్సీ మీద బ్యాంకు పేరు తీయించారో లేదో చూసుకోవడానికి ఎన్ఓసీ. వీటి గురించి మాట్లాడుకోవడానికి ఏ ముహూర్తమూ అడ్డు రాదు. మా దగ్గర దాచడానికి ఏముందనే వాళ్లకు కూడా ఇదే జవాబు. కూలి చేసుకునే ఇంట్లో ఆ 436 రూపాయల వరుస వెనకున్న 2 లక్షలు బహుశా ఆ ఇంటికి ఎన్నడూ ఒక్కసారిగా చేరని మొత్తం.

పని పూర్తయిందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. సర్దిన మనిషి కుర్చీలో నోరు మూసుకుని కూర్చోవాలి. చిట్టా చేతపట్టుకుని మరొకరు ఆరోగ్యబీమా కార్డు, ఇంటి దస్తావేజు జిరాక్సు, పీఎఫ్ నంబరు తీసి బల్ల మీద పెట్టాలి. 'అక్కడ కాదు, ఆ పక్కన' అని ఒక్కసారి నోరు తెరవాల్సి వచ్చినా, చిట్టాలో ఆ వరుస తిరగరాయాలి. కింద తేదీ వేయాలి. ఏటా మే నెలాఖరున 436 కోత పడినట్టు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది కదా. ఆ రోజు పాత చిట్టా చించేసి కొత్తది రాసుకుంటే, తేదీ గుర్తుపెట్టుకునే పని బ్యాంకే చూసుకుంటుంది.